జర్మన్ తిట్లు: ఏ ఊళ్లో ఏ మాటకు ఎంత ఘాటు

జర్మన్ తిట్టు చెవిన పడగానే నిఘంటువు తీయకండి. అన్న మనిషిది ఏ ప్రాంతమో, ఎవరితో అన్నాడో, మాటకు ముందూ వెనకా ఏం అతికించాడో చూడండి. అర్థం సంగతి ఆ తర్వాత.

ముందు అతికే ముక్క ఘాటు పెంచుతుంది. 'డెప్' అంటే తెలివితక్కువవాడు. 'ఫోల్‌డెప్' అంటే వట్టి మూర్ఖుడు. ఆడపందిని ఉత్తరాన 'జౌ' అని, దక్షిణాన 'సౌ' అని పలుకుతారు. దక్షిణాది రాష్ట్రం బవేరియాలో 'సౌప్రైస్' ఉత్తరాది వాళ్లను తిట్టే మాట, 'సౌగుట్' మాత్రం 'భలే బాగుంది' అనే మెచ్చుకోలు. పంది వినపడగానే ఉలిక్కిపడొద్దు, దాని వెనక ఏ మాట వచ్చిందో వినండి. మాట చివర నైరుతి జర్మనీ మాండలికమైన ష్వేబిష్‌లో 'లె', బవేరియాలో 'ఎర్ల్', స్విట్జర్లాండ్‌లో 'లి' చేరితే చాలాసార్లు తిట్టు మెత్తబడుతుంది. అయినా గొంతులో కోపం ఉంటే గొంతునే నమ్మాలి.

ష్వేబిష్ వాళ్లకు కుక్క తిట్లు ప్రత్యేకం. డాకెల్ అంటే పొట్టి కాళ్ల వేటకుక్క. మనిషిని అంటే బుద్ధి తక్కువని. 'హల్బ్‌డాకెల్' అంటే సగం డాకెల్. సగమే కదా అని తేలిగ్గా తీసుకుంటే పొరపాటు, పూర్తి డాకెల్ పాటి కూడా చేయడని దాని భావం. బవేరియాలో కుక్కది వేరే దారి: 'అ హుండ్ ఇస్ అ షో' అంటే 'గట్టివాడే, గడుసువాడు' అని మెప్పు. అదే కుక్కను మామూలు జర్మన్‌లో 'డు హుండ్!' అని మొహం మీద అంటే తిట్టే.

హాంబుర్గ్ వైపు 'షీట్‌బ్యూడెల్' అంటే పెంటసంచి. అక్కడ చంటిపిల్లల్ని ముద్దుగా అలాగే పిలుస్తారు. 'క్లోక్‌షీటర్'లో మాత్రం ముద్దు లేదు, అన్నీ తనకే తెలుసనుకునేవాడికి వేసే చురక అది. కోల్న్‌లో 'యెక్' అంటే పిచ్చోడు, కార్నివాల్‌లో ఆడిపాడేవాళ్లు తమను తాము గర్వంగా చెప్పుకునే పేరూ అదే. ఆస్ట్రియాలో 'పీఫ్కె' జర్మన్లను ఎగతాళిగా అనేది. స్విస్ 'ల్యోలి' తేలికపాటి మందలింపు.

నేర్చుకున్నది అర్థం చేసుకోవడానికే వాడండి. బయటివాళ్లు మాండలికపు తిట్టును పుస్తక జర్మన్ యాసలో అంటే, తమ భాషను వెక్కిరిస్తున్నారని స్థానికులకు అనిపిస్తుంది. సరదా కాస్తా గొడవవుతుంది. మీకు తగిలిన మాట ఎటూ తేలకపోతే నిదానంగా 'వీ మైనెన్ జీ డాస్?' అనండి, అంటే 'ఏ ఉద్దేశంతో అన్నారు?' అని. స్నేహితుడైతే 'వీ మైన్‌స్ట్ డు డాస్?'

జర్మనీలో తిట్టడం నేరం కూడా. శిక్షాస్మృతి 185వ సెక్షన్ కింద జరిమానా గానీ ఏడాది వరకు జైలు గానీ పడవచ్చు. బహిరంగంగా తిడితే రెండేళ్ల వరకు. మధ్యవేలు చూపించినా ఇదే సెక్షన్ వర్తిస్తుంది. జరిమానాను రోజుల లెక్కన, నేరస్థుడి నికర ఆదాయం చూసి కడతారు కాబట్టి ఒకే తిట్టుకు ఇద్దరు కట్టే మొత్తం ఒకటిగా ఉండదు. మాండలికంలో అన్నంత మాత్రాన మినహాయింపు లేదు, కోర్టు సందర్భాన్ని తూస్తుంది. మామూలుగా బాధితుడు కోరితేనే కేసు నడుస్తుంది. తిట్టిన సంగతీ, తిట్టినవాడెవరన్నదీ తెలిసినప్పటి నుంచి మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి.