కిందికి దించిన పాత కామారోకు వెనుక సస్పెన్షన్ ఎంచుకునే ముందు

1967–69 నాటి షెవ్రొలే కామారో కారును నేలకు దగ్గరగా దించినవారు వెనుక సస్పెన్షన్ కిట్ కొనే ముందు, బండి తన బరువు మీద నిలిచి ఉండగా ఇరుసుకూ బంప్ స్టాప్‌కూ (ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు అడ్డు) మధ్య ఎంత ఖాళీ మిగిలిందో కొలవాలి. ఆ ఖాళీ చాలకపోతే ఎంత ఖరీదైన షాక్ అబ్జార్బర్ వేసినా పెద్ద గుంతలో ఇరుసు వెళ్లి స్టాప్‌ను కొడుతుంది.

ఇరుసుకూ కమాను పట్టీలకూ (లీఫ్ స్ప్రింగులకు) మధ్య దిమ్మెలు పెట్టి ఎత్తు తగ్గించడం చవకైన పద్ధతే గానీ, నేను దానిని సిఫారసు చేయను. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇరుసు మెలితిరిగి పట్టీలు వంకరపోయే లోపాన్ని ఆ దిమ్మెలు మరింత పెంచుతాయి. 1967 మోడల్‌కు పక్కకు ఒక్క పట్టీ మాత్రమే ఉండేది కనుక అందులో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ.

మామూలు రోడ్డు ప్రయాణానికి, తక్కువ ఎత్తుకే తయారుచేసిన బహుళ పట్టీల కమానులూ, వాటికి తగిన పొట్టి షాక్‌లూ చాలు. మలుపుల్లో వేగంగా నడపాలనుకునేవారు ఫోర్ లింక్ (ఇరుసును నాలుగు కడ్డీలతో పట్టి ఉంచేది), కాయిలోవర్ (షాక్ చుట్టూ చుట్ట స్ప్రింగ్ ఉండేది) అమరికను ఆలోచించవచ్చు. అయితే కాయిలోవర్లు వేస్తే బండి వెనుక బరువు షాక్ పై బిగింపుల మీద పడుతుంది కాబట్టి, అక్కడి రేకును బలపరిచే బ్రాకెట్లు కిట్‌లో ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఏది బిగించినా పినియన్ కోణాన్ని (డ్రైవ్ షాఫ్ట్‌తో ఇరుసులోని పినియన్ గేరు కలిసే వాలును) మళ్లీ సరిచేయించండి.