గల్ఫ్ వీసా ఆగిందా? పర్లాకిమిడి, బరంపురం వైపు వాళ్లు ముందు చూసుకోవాల్సినవి

మా ఒడిశాలోని గజపతి, గంజాం జిల్లాల తెలుగువాళ్లకు వీసా ఆగిందంటే చాలాసార్లు చిక్కు కాగితాల్లోనే ఉంటుంది. టికెట్ కొనకముందే ఇవి చూసుకోండి.

సమస్య: పేరు సరిపోలేదని దుబాయ్ విజిట్ వీసా రాలేదు.
కారణం: ఆంధ్రలో చదివినవాళ్ల సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా 'కె. రామారావు' అని ఉంటుంది. ఒడిశాలో తీసిన ఆధార్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది, స్పెల్లింగూ మారుతుంది. ఈ గొడవలో కొందరు పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. ఒంటి పేరున్న పాస్‌పోర్టుకు విజిట్ వీసా ఇవ్వబోమని యూఏఈ 2022 నవంబరులోనే చెప్పింది.
పరిష్కారం: పదో తరగతి సర్టిఫికెట్‌లోని పేరునే పట్టుకోండి. ముందు ఆధార్ సరిచేయించి, ఆ తర్వాత పాస్‌పోర్టు రీఇష్యూకు పెట్టండి. ఇంటిపేరు పూర్తిగా, దాని గడిలోనే రాయండి. గడువు ఆరు నెలల లోపే ఉంటే అదీ ఇదే ఊపులో అయిపోతుంది.

సమస్య: ఉద్యోగం వీసా చేతిలో ఉన్నా ఎయిర్‌పోర్టులో ఆపేశారు.
కారణం: పది పాసవని వాళ్లకు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వలస తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు ఇస్తారు. దానితో సౌదీ, కువైట్, ఖతార్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి, ఉండాలి.
పరిష్కారం: కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో క్లియరెన్స్ తీసుకోండి. దానికోసం చేయించే ప్రవాసీ భారతీయ బీమాలో పరిహారం 10 లక్షల రూపాయల వరకు ఉంటుంది, ఇంటివాళ్లకు ఆ కాగితం ఒకటి ఇచ్చి వెళ్లండి. తర్వాత పది పాసై ఉంటే రీఇష్యూలో ఈసీఆర్ తీయించుకోవచ్చు.

సమస్య: డిగ్రీ అటెస్టేషన్ (సర్టిఫికెట్ అసలైనదేనని ముద్ర వేయించడం) కాకుండా తిరిగొచ్చింది.
కారణం: చదువు శ్రీకాకుళంలో, ఇల్లు పర్లాకిమిడిలో. సర్టిఫికెట్‌ను అటెస్టేషన్‌కు భువనేశ్వర్‌లో ఇచ్చారు.
పరిష్కారం: సర్టిఫికెట్ ఏ రాష్ట్రానిదో అటెస్టేషన్ ఆ రాష్ట్రంలోనే మొదలుపెట్టాలి. సౌదీ, ఒమన్‌లకు అపోస్టిల్ (మన విదేశాంగ శాఖ వేసే ముద్ర) చాలు. యూఏఈ, కువైట్‌లకు ఎంబసీ ముద్ర కూడా కావాలి.

సమస్య: "విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడికెళ్లాక మారుస్తాం" అంటున్నాడు ఏజెంటు.
ఇక్కడ మాత్రం గట్టిగా చెబుతున్నాను, వెళ్లొద్దు. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. జీతం ఎగ్గొట్టినా అడగడానికి చేతిలో కాంట్రాక్టు ఉండదు, ఆ బీమా కూడా ఉండదు. ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి ఈ-మైగ్రేట్‌లో మీరే చూడండి. అతను తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించి అడిగితే డబ్బు కట్టకుండా పాస్‌పోర్టు వెనక్కి తీసుకోండి.