వానల్లో బండ్లు తీసే ముందు రేడియో సెట్ల సంగతి

వాగు దాటి గట్టెక్కాక వెనక్కి చూసుకుంటే చివరి బండి లేదు. మైకు నొక్కి పిలిచాను, బదులు లేదు. అలాగని ఛానెల్ ఖాళీగానూ లేదు. ఎవరో కూనిరాగం తీస్తున్నారు, మధ్యలో బిస్కెట్ ప్యాకెట్ చించిన చప్పుడు. మూడో బండిలో మైకు సీటుకీ హ్యాండ్‌బ్రేకుకీ మధ్య ఇరుక్కుని, బటన్ నొక్కుకుపోయి ఉంది. ఒక సెట్ బటన్ నొక్కి ఉన్నంతసేపూ ఆ ఛానెల్‌లో ఇంకెవరి మాటా వినిపించదు. మేం కనిపెట్టేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ చివరి బండాయన ఇరుసు దాకా బురదలో కూరుకుపోయి, "అన్నా, కాస్త ఆగండి" అని పిలుస్తూనే ఉన్నాడట.

ఆ రోజు మా దగ్గరున్నవి మంచి సెట్లే. అందుకే ఎవరైనా "ఏ రేడియో కొనమంటారు?" అని అడిగితే నేను కంపెనీ పేరు చెప్పను. ఎన్ని బండ్లు, ఎలాంటి దారి, మిగతావాళ్ల దగ్గర ఏముంది అని ఎదురు అడుగుతాను. మీ ఒక్కరి దగ్గరే గొప్ప సెట్ ఉంటే దాంతో మీలో మీరు మాట్లాడుకోవాలి.

డబ్బా మీద "30 కిలోమీటర్లు" అని ఉంటుంది, పట్టించుకోకండి. అది ఒక కొండ కొన నుంచి ఇంకో కొండ కొనకు, మధ్యలో అడ్డేమీ లేనప్పటి మాట. ఈ సెట్ల తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే పోతాయి. మోటు లెక్క ఒకటుంది. యాంటెన్నా నేల నుంచి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే, దానికి దిగంతం, అంటే తరంగం నేరుగా చేరగల హద్దు, ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. బండి టాపు మీద 2 మీటర్ల ఎత్తులో ఉంటే 5.8 కిలోమీటర్లు. అవతలి బండికీ అంతే కాబట్టి, చదునైన మైదానంలో రెండింటి మధ్య సుమారు 11.6 కిలోమీటర్లు. గుట్టలూ మలుపులూ ఉన్న అడవిలో, బండి లోపల కూర్చుని చేతి సెట్‌తో మాట్లాడితే కిలోమీటరు దాటినా గొప్పే. తడిసిన ఆకులు తరంగాన్ని ఇంకా మింగేస్తాయి. వేసవిలో పనిచేసిన దారే కదా అని వానాకాలంలో ధీమా పడకూడదు.

వాట్లు పెంచితే సరిపోదా అంటారు. అడ్డంకులు లేని చోట కూడా దూరం రెట్టింపు కావాలంటే శక్తి నాలుగింతలు కావాలి. మధ్యలో కొండ ఉంటే 5 వాట్ల సెట్టూ 50 వాట్ల సెట్టూ ఇంచుమించు ఒకేలా చతికిలబడతాయి. డబ్బు పెట్టదలిస్తే ముందు యాంటెన్నా మీద పెట్టండి.

దానికంటే ముందు చట్టం సంగతి. ఏ ఫ్రీక్వెన్సీలో ఎన్ని వాట్లతో మాట్లాడవచ్చో దేశానికో తీరు. యూరప్‌లో లైసెన్సు లేకుండా వాడే పీఎంఆర్446 సెట్లకు అర వాటే పరిమితి, యాంటెన్నా ఊడదీసి మార్చడానికి వీల్లేదు. ఆస్ట్రేలియాలో 477 మెగాహెర్ట్జ్ దగ్గర 80 ఛానెళ్ల యూహెచ్‌ఎఫ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ) సీబీ, అంటే మామూలు జనం వాడుకునే రేడియో, ఉంది, 5 వాట్ల దాకా వాడుకోవచ్చు. అందులో 5, 35 ఛానెళ్లు అత్యవసరానికి కేటాయించినవి, కబుర్లకు కాదు. అమెరికాలో జీఎంఆర్‌ఎస్ అనే రేడియో సేవకు పరీక్ష లేని లైసెన్సు తీసుకుంటే బండిలో 50 వాట్ల దాకా వాడవచ్చు. భారత్‌లో 446.0–446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తి సెట్లకు లైసెన్సు మినహాయింపు ఉంది, అయితే సెట్‌కు ఆమోదం ఉండాలి. చవగ్గా దొరికే కొన్ని ప్రోగ్రామబుల్ సెట్లు ఏ ఫ్రీక్వెన్సీలో పెడితే అందులో మాట్లాడేస్తాయి. సెట్ మాట్లాడుతోంది కదా అని మనకు హక్కు వచ్చేయదు. పొరపాటున పోలీసుల ఛానెల్ మీద "లెఫ్ట్‌కి తిప్పు, లెఫ్ట్‌కి" అని అరిచామా, ఆ తిప్పలు వేరే.

పాత 27 మెగాహెర్ట్జ్ సీబీ ఇప్పటికీ చాలా చోట్ల నడుస్తోంది. దాని తరంగం పొడవు 11 మీటర్లు. ఆ పొడవులో పావు వంతు ఉండే పావు తరంగం యాంటెన్నా అంటే దాదాపు 2.7 మీటర్ల ఊచ. కొమ్మల కింద దూరే బండికి అది పెద్ద తలనొప్పి. పొట్టి యాంటెన్నాలు ఉన్నాయి గానీ పొట్టిదనానికి తగ్గట్టే పనితనమూ తగ్గుతుంది. యూహెచ్‌ఎఫ్‌లో అదే పావు తరంగం జానెడు కూడా ఉండదు. అడవి దారుల్లో తిరిగేవాళ్లకు నా ఓటు దానికే.

ఆ జానెడు ఊచ ఎక్కడ బిగిస్తామన్నది అసలు సంగతి. చేతి సెట్ పట్టుకుని అద్దాలు మూసిన బండిలో కూర్చుంటే చుట్టూ ఇనప డబ్బానే. అదే సెట్‌కు టాపు మధ్యలో అయస్కాంతం యాంటెన్నా తగిలిస్తే సెట్ మార్చినంత తేడా వస్తుంది. టాపు రేకు యాంటెన్నాలో సగం పని చేస్తుంది కనుక, గుడ్డ టాపు లేదా ఫైబర్ టాపు బండ్లకు కింద రేకు అక్కర్లేని రకం అని అడిగి తీసుకోండి. కొమ్మ తగిలి అయస్కాంతం ఊడితే కేబుల్ పట్టుకుని వేలాడుతుంది. దట్టమైన అడవికి బానెట్ పక్కన బోల్టు బిగింపే నయం, దూరం కాస్త తగ్గినా సరే. కేబుల్ అవసరమైనంతే ఉంచండి. సన్న రకం కేబుల్ యూహెచ్‌ఎఫ్‌లో 5 మీటర్లకే మూడో వంతు శక్తి తినేస్తుంది. బిగించాక ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో చూడండి, యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి వస్తోందో అది చెబుతుంది. 1.5 లోపు ఉంటే బాగున్నట్టు, 2 దాటితే సరిచేయాలి, 3 వస్తే మాట్లాడటం ఆపేయాలి. యాంటెన్నా తగిలించకుండా "చూద్దాం" అని బటన్ నొక్కితే సెట్ కాలిపోయే ప్రమాదం ఉంది.

కరెంటు విషయంలో బద్ధకం వద్దు. 50 వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు 10 ఆంపియర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే లాగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ దానికి చాలదు. బ్యాటరీ నుంచి నేరుగా మందం వైరు లాగి, పాజిటివ్ వైపు బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజు సెట్ దగ్గర పెడితే, మధ్యలో వైరు ఒరుసుకుని షార్టయినప్పుడు కాలేది ఫ్యూజు కాదు, బండి. 24 వోల్టుల బండికి దాన్ని 12కు దించే కన్వర్టర్ తప్పనిసరి.

ఇంజిన్ వేగంతో పాటు పెరిగే సన్నటి ఈల వినిపిస్తే అది బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ గోల. ఇంజిన్ ఆపినా గరగర పోకపోతే ఫోన్ చార్జర్, డ్యాష్‌క్యామ్, ఎల్‌ఈడీ లైట్ బార్ ఒక్కొక్కటీ ఆపి చూడండి. నా బండిలో దొంగ దొరికింది చార్జర్లోనే. దాన్ని పీకితే అప్పటిదాకా వినిపించని బండి వినిపించింది.

ఇక అన్ని బండ్లూ ఒకే మాట మీద ఉండటం. ఛానెల్ ఒకటే పెట్టుకున్నా ఒకరి సెట్‌లో సీటీసీఎస్‌ఎస్ టోన్ (మాటతో పాటు పోయే, చెవికి ఆనని శబ్దం; అది కలిస్తేనే సెట్ మాట వినిపిస్తుంది) వేరేది ఉంటే, ఆయన మాట మనకు వినిపించదు, మన మాట ఆయనకు వినిపించదు. సెట్ పాడైందనుకుంటాం. కొన్ని కంపెనీలు దీనికే "ప్రైవసీ కోడ్" అని పేరు పెట్టాయి, అందులో గుట్టు ఏమీ లేదు. టోన్ పెట్టని వాళ్లెవరైనా హాయిగా వింటారు. వానాకాలం ప్రయాణానికి టోన్లన్నీ తీసేయడం మేలు. చేత్తో బటన్ నొక్కే పని లేకుండా, శబ్దం వినగానే మైకు తెరుచుకునేలా పెట్టే వాక్స్ కూడా తీసేయండి, లేకపోతే ఇంజిన్ రొదే ఛానెల్ నిండా మాట్లాడుతుంది. టైమ్ అవుట్ టైమర్ మాత్రం తప్పకుండా పెట్టాలి. ఒక నిమిషం దాటి బటన్ నొక్కి ఉంటే సెట్ తనంతట తానే ఆగిపోతుంది. కూనిరాగం రోజున మా మూడో బండిలో లేనిది అదే.

చేతి సెట్ తీసుకుంటే ఐపీ67 చూసుకోండి. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని దానర్థం. మైకు జాక్ మీది రబ్బరు మూత తెరిచి ఉంటే ఆ హామీ చెల్లదు. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట్లాడటం అలవాటు చేసుకోవాలి. లేకపోతే "ఆపు" అన్నది "పు" అని వినిపిస్తుంది. పెట్రోలు పోసేటప్పుడూ, క్వారీల్లో పేలుళ్ల హెచ్చరిక బోర్డులున్న చోటా సెట్ ఆపేయాలి. పేలుడును మొదలుపెట్టే ఎలక్ట్రిక్ డిటొనేటర్లు రేడియో తరంగాలకే పేలిపోవచ్చు.

ఇంత చేసినా, ఈ సెట్లు బండికీ బండికీ మధ్య మాటకే. ఒంటరి లోయలో ప్రాణం మీదికొస్తే వినేవాళ్లుండకపోవచ్చు. అలాంటి చోటికి వెళ్లేవాళ్లు, చట్టం అనుమతించే దేశంలో, 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు సంకేతం పంపే బీకన్ ఒకటి వెంట ఉంచుకోవాలి.

బయల్దేరే ముందురోజు ఖాళీ రోడ్డు మీద ఒక బండిని నిలబెట్టి, మిగతావి ఒక్కో కిలోమీటరుకూ ఆగి పిలవండి. ఎవరి మాట ఎక్కడ తెగిందో కాగితం మీద రాసుకోండి. అందరికంటే ముందు తెగిపోయే సెట్ ఎవరిదో వాళ్లను వరుస మధ్యలో పెట్టండి, చివర ఎప్పుడూ వద్దు. మైకు తగిలించడానికి డ్యాష్‌బోర్డుకు ఒక కొక్కెం బిగించండి, మూడో బండాయనకు నేనే బిగించి ఇచ్చాను.