ట్రైలర్ కట్టే ముందు: కప్లర్ కొలతలో జాగ్రత్తలు

దూర ప్రయాణానికి ట్రైలర్ తగిలిస్తున్నారా? బయలుదేరే రోజు హడావిడిలో కాదు, ముందురోజే ఇవి చూసుకోండి.

• వాహనం వెనుక హిచ్ (ట్రైలర్ తగిలించే చట్రం) మీద ఉండే బంతి, దాని మీద కూర్చునే కప్లర్ (ట్రైలర్ ముక్కు, అంటే ముందు కొసన ఉండే గుంట) కన్నా చిన్నది కాకూడదు. అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇదే. 2 అంగుళాల కప్లర్ 1 7/8 అంగుళాల బంతి మీద కూడా చక్కగా కూర్చుంటుంది, గొళ్లెం కూడా పడుతుంది. రోడ్డు మీద గట్టి కుదుపు వస్తే మాత్రం ఊడిపోతుంది. పెద్ద బంతి అయితే అసలు ఎక్కదు కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. చిన్న బంతి అలా హెచ్చరించదు.

• ముందు కప్లర్ మీద చెక్కిన అంకె చదవండి. తుప్పుతో కనిపించకపోతే గుంట లోపలి వెడల్పును వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. 2 అంగుళాలకూ 1 7/8కూ తేడా 3 మిల్లీమీటర్లే, టేపుతో పట్టుబడదు. లోపలి మట్టి, పాత గ్రీజు తుడిచాకే కొలవాలి.

• కప్లర్ ఎత్తు కొలిచేటప్పుడు ట్రైలర్ సమతలంగా ఉండాలి. ముక్కు పైకి లేస్తే బరువు వెనక్కి పోయి ట్రైలర్ ఊగుతుంది.

• బరువు పరిమితి: బంతి, కప్లర్, హిచ్‌లలో దేనిది తక్కువో అదే లెక్క.

• గొళ్లెం వేశాక జాకీతో ట్రైలర్ ముక్కును కాస్త ఎత్తండి. వాహనం వెనుక భాగం కూడా లేవాలి, లేవకపోతే కదలకండి.