హైవేకూ చెరువు గట్టుకూ ఒకే టైరు: ఎస్‌యూవీకి ఏటీ (ఆల్ టెర్రైన్) టైర్లు ఎంచుకునే పద్ధతి

నేను ఒంగోలులో ఉంటాను. మా రొయ్యల చెరువులు సింగరాయకొండ దాటి పాకల వైపు ఉన్నాయి. రోజూ వెళ్లే దారిలో సుమారు 30 కిలోమీటర్లు 16వ నంబరు జాతీయ రహదారి మీద, ఆ తరువాత కొంత పల్లె తారురోడ్డు మీద, చివరగా ఒక రెండు కిలోమీటర్లు గట్ల మీద సాగుతుంది. 2019లో టైర్లు మార్చవలసి వచ్చినప్పుడు నేను ఆ రెండు కిలోమీటర్ల గురించే ఆలోచించి, పెద్ద పెద్ద రబ్బరు బటన్లున్న బురద టైర్లు వేయించాను. కొట్టువాళ్లు కూడా బండి ఎక్కువగా ఎక్కడ తిరుగుతుందని అడగలేదు. వారం తిరక్కుండానే అమ్మను నెల్లూరు ఆసుపత్రికి తీసుకువెళ్తుంటే, కావలి దాటకముందే ఆమె వెనక సీటులోంచి "ఏందబ్బాయా, బండి ఇట్టా మూలగతా ఉంది?" అని అడిగింది. నెల్లూరు చేరేసరికి ఆమెకు తలనొప్పి పట్టుకుంది. ఆ టైర్లను ఎనిమిది నెలలకే తీసేశాను. అప్పటినుంచి ఈ విషయం మీద నేను తెలుసుకున్నదీ, చేసి చూసినదీ ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక నెలరోజుల పాటు మీ బండి ఏ దారిలో ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఒక కాగితం మీద రాసుకోండి. హైవే, పల్లె తారురోడ్డు, గ్రావెల్ దారి, మట్టి దారి, ఇసుక అని విడివిడిగా రాయాలి. వందలో తొంభై కిలోమీటర్లు తారు మీదే తిరుగుతున్నట్టు తేలితే, టైరును ఆ తొంభై కిలోమీటర్ల కోసమే ఎంచుకుని, మిగిలిన పదింటిని దాటించగలిగేంత పట్టు మాత్రమే అందులో ఉండేలా చూసుకోవాలి. మీ దారుల్లోకెల్లా కష్టమైన దారిని దాటించగల టైర్లలో అన్నిటికన్నా మెత్తనిది, చప్పుడు తక్కువది ఏదో అదే మీ టైరు.

కొట్టులో మీకు మూడు రకాలు చూపిస్తారు. హైవే టెర్రైన్ అనే హెచ్‌టీ రకంలో గాడులు సన్నగా, పొడవుగా ఉంటాయి. మడ్ టెర్రైన్ అనే ఎంటీ రకంలో బటన్లు విడివిడిగా, వాటి మధ్య సందులు వేలు దూరేంత వెడల్పుగా ఉంటాయి. ఈ రెంటికీ నడుమ ఉండేదే ఆల్ టెర్రైన్, అంటే ఏటీ. అయితే ఏటీ అనే పేరు కింద ఎన్నో తరహాలు ఉన్నాయి. కొన్ని హెచ్‌టీకి దగ్గరగా ఉంటే, కొన్ని ఎంటీకి తమ్ముళ్లలా ఉంటాయి. అందువల్ల పక్కగోడ మీద ఏటీ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, ట్రెడ్‌ను, అంటే నేలను తాకే రబ్బరు భాగాన్ని, కళ్లతో చూసి నిర్ణయించుకోవాలి.

ఆ ట్రెడ్ ఎలా ఉండాలో తేల్చుకోవడానికి మన జిల్లాల నేలను అర్థం చేసుకోవాలి. ఇక్కడ తారు దిగితే ఎదురయ్యేవి ముఖ్యంగా రేగడి, ఇసుక, రాయి. ఈ మూడూ టైరును అడిగేవి మూడు వేరువేరు గుణాలు.

ఒంగోలు చుట్టుపక్కల పొగాకు, శనగ పండే నల్లరేగడిలో వాన పడిన మరునాడు బండి దింపి చూసినవాళ్లకు ఆ బంక ఎలాంటిదో తెలుసు. నాలుగు గజాలు కదిలేసరికి బటన్ల మధ్య సందులన్నీ మట్టితో పూడిపోయి, టైరు అరిసె పిండి అంటుకున్న రోకలిలా నున్నగా తయారవుతుంది. ఆపైన ట్రెడ్ ఎంత లోతుగా ఉన్నా నేలను తాకేది మట్టే గనుక పట్టు దొరకదు, చక్రం పైనున్న మడ్‌గార్డులో కూడా మట్టి కూరుకుని చక్రం తిరగడమే కష్టమవుతుంది. తడి రేగడిలో ఏటీ టైరు మిమ్మల్ని గట్టెక్కిస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి. ఎంటీ టైరు సందులు వెడల్పుగా ఉండటం వల్ల కొంత మట్టిని విదిలించుకుంటుంది గానీ, టూ వీల్ డ్రైవ్ బండికి అది కూడా పూర్తి భరోసా కాదు. ఏడాదిలో పది పదిహేను రోజులు వచ్చే ఆ పరిస్థితి కోసం మిగిలిన రోజులన్నీ చప్పుడు భరించడం కంటే, ఆ రోజుల్లో బండిని గ్రావెల్ దారి దగ్గరే ఆపి నడిచి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

ఇసుక సంగతి ఇంకొకటి. పాకల, కొత్తపట్నం, మైపాడు వైపు తీరం దగ్గరి ఇసుక దారుల్లో ట్రెడ్ కంటే గాలే ఎక్కువ పని చేస్తుంది. పొడి ఇసుకలో పదునైన బటన్లు తవ్వుకుంటూ లోపలికి దిగిపోతాయి. మామూలుగా 33 పీఎస్‌ఐ ఉండే గాలిని 20 దాకా తగ్గిస్తే టైరు నేల మీద పొడవుగా పరుచుకుని, బరువు ఎక్కువ చోట పడి, హెచ్‌టీ టైరు కూడా తేలికగా సాగిపోతుంది. గాలి తగ్గించినప్పుడు నెమ్మదిగా వెళ్లాలి, స్టీరింగు ఒక్కసారిగా తిప్పకూడదు, ఎందుకంటే టైరు అంచు రిమ్ము నుంచి జారిపోయే ప్రమాదం ఉంటుంది. తారురోడ్డు ఎక్కేముందే మళ్లీ గాలి పట్టించాలి, అందుకోసం బండి సాకెట్‌తో నడిచే చిన్న గాలి పంపు, ఒక మంచి ప్రెషర్ గేజి వెంట ఉంచుకోవాలి. సందర్భం వచ్చింది గనుక ఒక మాట: సముద్రపు ఒడ్డు మీదికి మాత్రం బండి తీసుకెళ్లవద్దు. శీతాకాలం చివర ఆ ఇసుకలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి.

ఏటీ టైరు నిజంగా అక్కరకొచ్చేది రాతి నేల మీద. చీమకుర్తి క్వారీల దారుల్లో గ్రానైట్ పెచ్చులు కత్తుల్లా ఉంటాయి. వెలిగొండ కొండల అంచు ఊళ్లకు వెళ్లే గుట్టదారుల్లోనూ కంకర తేలి ఉంటుంది. ట్రెడ్‌లో దిగిన మేకునో ముల్లునో పంక్చర్ షాపులో తీసి పూడ్చవచ్చు గానీ, పక్కగోడ చీలితే అతుకు వేయకూడదు, ఆ టైరు తీసి పారేయవలసిందే. అందుకే రాతి దారుల్లో తిరిగేవారు పక్కగోడ గట్టిదనాన్ని ముందు చూడాలి. ట్రెడ్ అంచు బటన్లు పక్కగోడ మీదికి కొంత దిగివచ్చి ఉంటే అవి రాయి తగిలినప్పుడు కవచంలా పనిచేస్తాయి. గాడుల అడుగున చిన్న చిన్న మెట్లలాంటి రబ్బరు దిమ్మలు ఉంటే, అవి ఇరుక్కున్న కంకరను బయటికి నెట్టేస్తాయి. ఇక చెరువు గట్ల మీద మనకున్న అసలు శత్రువు చిల్లకంప. ఆ ముళ్లకు ట్రెడ్ మందమే సమాధానం. హెచ్‌టీ టైరు ట్రెడ్ లోతు సాధారణంగా 7, 8 మిల్లీమీటర్లు ఉంటే ఏటీలో 10 లేదా ఆపైన ఉంటుంది, ఆ తేడా వల్ల చాలా ముళ్లు లోపలి పొర దాకా చేరకుండానే విరిగిపోతాయి.

అందువల్ల మనవైపు ఎక్కువమందికి కావలసింది హెచ్‌టీకి దగ్గరగా ఉండే ఏటీ టైరు. దాన్ని ఇలా గుర్తుపట్టవచ్చు. టైరును నిలబెట్టి ఎదురుగా కూర్చుని ట్రెడ్ నడుమ భాగం చూడండి. అక్కడి బటన్లు ఒకదానికొకటి దాదాపు కలిసి ఒక పట్టీలా చుట్టూ సాగి ఉంటే హైవే మీద నేరుగా, నిశ్శబ్దంగా నడుస్తుంది. అంచుల్లో మాత్రం సందులు తెరుచుకుని ఉండాలి, మట్టి దారిలో పట్టు అక్కడి నుంచి వస్తుంది. చప్పుడు ఎలా పుడుతుందంటే, ప్రతి బటనూ రోడ్డును తాకుతూ సందుల్లోని గాలిని నొక్కి వదులుతుంది. బటన్లన్నీ ఒకే కొలతలో ఉంటే ఆ చప్పుళ్లన్నీ ఒకే శ్రుతిలో కలిసి మా అమ్మ విన్న మూలుగు అవుతాయి. మంచి టైర్లలో బటన్ల పొడవును కావాలనే కొద్ది కొద్దిగా మార్చి పోత పోస్తారు, అప్పుడు చప్పుడు చెదిరిపోయి చెవికి అంతగా తగలదు. తరువాత బటన్ల పైన కత్తితో గీసినట్టుండే సన్నని చీలికలను చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో హైవే మీద సడన్ బ్రేకు వేయవలసి వస్తే తడి తారును పట్టుకునేవి ఆ చీలికలే. అవి మరీ తక్కువగా, రబ్బరు గట్టిగా ఉన్న ఏటీ టైరు తడి రోడ్డు మీద హెచ్‌టీ కంటే ఎక్కువ దూరం వెళ్లి ఆగుతుంది. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

కొన్ని టైర్ల మీద కొండ బొమ్మలో మంచు పువ్వు గుర్తు ఉంటుంది. అది మంచు ప్రాంతాలకు పనికివచ్చే టైరని చెప్పే గుర్తు. నెల్లూరు, ఒంగోలు ఎండలకు దానితో పని లేదు, దాని కోసం డబ్బు ఎక్కువ పెట్టకండి. సైజు ముందు ఎల్‌టీ అన్న అక్షరాలున్న టైరు బరువులు మోసే బండ్ల కోసం ఎక్కువ పొరలతో చేసినది. అది క్వారీలో రోజూ తిరిగే బండికి మంచిదే గానీ, ఖాళీ బండితో హైవే మీద వెళ్తుంటే రోడ్డు మీది ప్రతి అతుకూ నడుముకు తెలుస్తుంది, పైగా గాలి కూడా ఎక్కువ పెట్టవలసి వస్తుంది. కుటుంబంతో తిరిగే బండికి అది వద్దు.

సైజు విషయంలో అంకెలు చదవడం నేర్చుకోండి. 235/65 ఆర్ 17 అంటే వెడల్పు 235 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 17 అంగుళాలు. ఇదే రిమ్ముకు 245/65 వేస్తే టైరు మొత్తం ఎత్తు 737 నుంచి 750 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, అంటే సుమారు 1.8 శాతం. స్పీడోమీటరు 100 చూపిస్తున్నప్పుడు బండి మునుపటికంటే ఆ మేరకు ఎక్కువ వేగంతో వెళ్తుంటుంది. 235/70 వేస్తే పెరుగుదల 3 శాతం దాటిపోతుంది, చక్రం తిప్పినప్పుడు లోపల తగలవచ్చు, పికప్ కూడా తగ్గుతుంది. కంపెనీ పుస్తకంలో మీ మోడలుకు ఇచ్చిన సైజులను దాటి వెళ్లకపోవడమే క్షేమం. సుఖం కోరేవారికి నేను చెప్పేది పెద్ద రిమ్ముల మోజు మానమని. 255/60 ఆర్ 18, 255/65 ఆర్ 17 రెండింటి మొత్తం ఎత్తూ 763 మిల్లీమీటర్లే, కానీ రెండోదానిలో పక్కగోడ ఇంచుమించు 13 మిల్లీమీటర్లు ఎక్కువ. గుంతలో పడినప్పుడు రిమ్ము వంగకుండా, మనిషి అదరకుండా కాపాడేది ఆ రబ్బరే. మీ మోడలులో చిన్న రిమ్ము వేరియంటు ఉండి, బ్రేకులకు అది సరిపోతుందని షోరూములో ఖరారు చేసుకున్నాకే ఈ మార్పు చేయండి.

సైజు తరువాత వచ్చే అంకె, అక్షరం కూడా ముఖ్యమే. 104 అంటే ఒక్కో టైరు 900 కిలోలు మోయగలదు, 110 అంటే 1060 కిలోలు. టీ అక్షరం గంటకు 190 కిలోమీటర్ల వేగానికి, హెచ్ 210కి సరిపోతుందని గుర్తు. బండితో వచ్చిన టైరు మీది అంకె కంటే తక్కువది తీసుకోవద్దు, మేత బస్తాలు వేసుకుని వెళ్లేవారు అసలే తీసుకోవద్దు. టైరు మీద ఉండే నాలుగంకెల తయారీ తేదీలో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2425 అని ఉంటే 2025లో 24వ వారమన్నమాట. కొట్టులో రెండేళ్లు మగ్గిన టైరును తగ్గింపు ధరకు ఇస్తామన్నా నేను తీసుకోను.

ఐదో టైరు, అంటే స్టెప్నీ కూడా అదే సైజులో ఉండాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి నాలుగు టైర్లూ ఒకే రకంవి, ఒకే అరుగుదలతో ఉండాలి, లేకపోతే ఆ భారం గేర్ల మీద పడుతుంది. టూ వీల్ డ్రైవ్ బండికి రెండే మార్చవలసి వస్తే కొత్తవి వెనక వేయించండి. ఏటీ టైరు హెచ్‌టీ కంటే బరువు గనుక మైలేజీ కొంత తగ్గుతుందని ముందే లెక్కలో పెట్టుకోవాలి.

బిగించిన తరువాత గాలి విషయంలో శ్రద్ధ తప్పనిసరి. డ్రైవరు తలుపు పక్కన అతికించిన పట్టీలో ఉన్న అంకె ప్రకారం తెల్లవారుజామున, బండి కదలకముందు గాలి చూసుకోవాలి. మే నెలలో మిట్టమధ్యాహ్నం హైవే మీద నడిచిన టైరులో గాలి ఐదారు పీఎస్‌ఐ ఎక్కువ చూపించడం సహజం, దాన్ని చూసి వదిలించేస్తే చల్లారాక తక్కువైపోయి, మరుసటి ప్రయాణంలో పక్కగోడ వేడెక్కి పేలిపోయే ప్రమాదం ఉంది. కొత్త టైర్ల మీద మొదటి 300 కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. ప్రతి 8,000 కిలోమీటర్లకు ముందు వెనకలు మార్పించి, అలైన్‌మెంట్ చూపించండి.

ఈ మార్పిడి ఆలస్యమైతే నిశ్శబ్దంగా ఉన్న ఏటీ టైరు కూడా ఏడాదికల్లా మూలగడం మొదలుపెడుతుంది. నెలకోసారి అరచేతిని ట్రెడ్ మీద ఆనించి చుట్టు వెంట ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి నిమరండి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపపు పళ్లలా గీరుకుంటుంటే బటన్లు ఏటవాలుగా అరుగుతున్నాయని అర్థం. అప్పటికి 8,000 నిండకపోయినా సరే, ఆ వారమే టైర్ల చోటు మార్పించండి.