బరంపురం స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ చర్చ కదిలిన తీరు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు పిల్లలకు "ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులపై నిఘా మంచిదా, చెడ్డదా?" అని ఇస్తే చర్చ వెంటనే ఆగిపోతుంది. ప్రశ్న మరీ పెద్దది, పట్టు దొరకదు. దాన్ని తీసేసి నాలుగు చీటీలు పెట్టాను: పది నిమిషాలకోసారి స్క్రీన్‌షాట్, కీస్ట్రోకుల (కీబోర్డు నొక్కుళ్ల) లెక్క, పనివేళంతా కెమెరా ఆన్, ఫోన్ లొకేషన్. జంటలో ఒకరు మేనేజరు, ఒకరు ఉద్యోగి. ఏది ఏ షరతుమీద ఒప్పుకుంటారో ఐదు నిమిషాల్లో తేల్చి, పాత్రలు మార్చుకోవాలి.

అసలు చిక్కు వ్యాకరణంలో ఉంది. తెలుగు మాటల్లో కర్మణి ప్రయోగం (పాసివ్ వాయిస్) అరుదు. అందుకే "ఐ యామ్ మానిటరింగ్ బై మేనేజర్" అనేస్తారు, ఎవరు ఎవరిని చూస్తున్నారో తారుమారవుతుంది. చర్చకు ముందే "మై స్క్రీన్ ఈజ్ రికార్డెడ్", "వి ఆర్ బీయింగ్ ట్రాక్డ్" లాంటి ఆరు వాక్యాలు నోటికెక్కించాలి. షరతులకు "ఓన్లీ ఇఫ్", "యాజ్ లాంగ్ యాజ్" చాలు. ఒడియాలోకో తెలుగులోకో జారితే కోప్పడకండి, ఆ వాక్యాన్నే ఇంగ్లీషులో మళ్లీ అనిపించండి. మిగతా తప్పులు రాసుకుని చివర్లో బోర్డు మీద దిద్దండి. మధ్యలో దిద్దితే నోరు మూతపడుతుంది.

పెద్ద బ్యాచికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఇవ్వండి. ఉద్యోగ అవసరాలకు, యజమానికి నష్టం రాకుండా కాపాడటానికి సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వీలు 7వ సెక్షన్‌లో ఉంది. కెమెరా చీటీ దగ్గర వాదన వేడెక్కేది అక్కడే.