షాక్ మౌంట్ జరిపే ముందు బాత్రూమ్ కాటా

పాత ట్విన్‌షాక్ బండికి (వెనక చక్రానికి రెండు పక్కలా ఒక్కో షాక్ అబ్జార్బర్ ఉండేది) షాక్ మౌంట్, అంటే షాక్‌ను బిగించే పట్టీ, జరపాలంటే, దాని మీద ఎంత బరువు పడుతుందో అంతా అందాజే. బాత్రూమ్ కాటా, టేపు ఉంటే లెక్క తేలిపోతుంది.

రెండు కాటాల మీద అడ్డంగా పలక వేసి వెనక చక్రం ఎక్కించండి (ఒక్క కాటా 150 కిలోలకే ఆగిపోవచ్చు). ముందు చక్రం కిందా అంతే ఎత్తు పెట్టాలి. ఇద్దరు కూర్చున్నాక రెండు రీడింగులూ కలిపి పలక బరువు తీసేయండి. 180 కిలోలు వచ్చిందనుకుందాం. చక్రం, స్వింగ్‌ఆర్మ్‌లకు (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే చేయి) ఓ 20 తీస్తే 160.

స్వింగ్‌ఆర్మ్ పివట్ (అది తిరిగే కీలు) నుంచి యాక్సిల్ 50 సెం.మీ., షాక్ కింది బోల్టు 40 సెం.మీ. అయితే 160×50÷40 = 200. అంటే ఒక్కో షాక్‌కు 100 కిలోలు. షాక్ నిలువు నుంచి 30 డిగ్రీలు వాలి ఉంటే 0.87తో (cos 30°) భాగించండి, 115. గుంతల దెబ్బకు కనీసం మూడింతలు వేసుకోండి: పక్కకు దాదాపు 350. అదే బోల్టును 10 సెం.మీ. ముందుకు జరిపితే బరువు మూడో వంతు పెరుగుతుంది. చాలామంది మర్చిపోయేది ఇదే.

లింకేజీ ఉన్న మోనోషాక్‌కు (వెనక ఒక్కటే షాక్, మధ్యలో లివర్లతో కలిపి ఉండేది) ఈ లెక్క పనికిరాదు, అక్కడ నిష్పత్తి షాక్ కదిలేకొద్దీ మారుతుంటుంది.